చెట్టు కింద పడిన వాన

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువవుతుంది. మిర్యాలగూడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నలభై దాటాక, పిల్లలు వాళ్ల అన్నం వాళ్లు పెట్టుకుని తినే వయసుకు వచ్చాక, పీహెచ్‌డీ చేయాలనే పురుగు నన్ను తొలిచింది. అడవిలో పడే వాన నీళ్లలో ఏమేం ఉంటాయి, అవి ఆకుల మీదుగా జారి మట్టిలోకి దిగేసరికి ఏమవుతాయి, చెట్టుకు తిండి కావాల్సినవి ఎంత లోతుకు కొట్టుకుపోతాయి, ఇదీ నా అంశం. మా ఆయన రైస్ మిల్లులో సూపర్‌వైజర్. సంగతంతా విని, "ఇంట్ల నల్లా నీళ్లు పట్టనీకి తీరిక లేదు గని అడివిల వాన నీళ్లు పడ్తవా?" అన్నాడు. ఆయనకు తీరిక బాగానే ఉందని తేలింది కాబట్టి ఆ రోజు నుంచి నల్లా నీళ్లు ఆయనే పడుతున్నాడు.

దామరచర్ల దాటి కృష్ణ వైపు పోతే ఎర్రమట్టి నేలలో పొట్టి అడవి ఉంటుంది. తునికి, చండ్ర, మోదుగ చెట్లు. ఫారెస్టు వాళ్ల అనుమతి తీసుకుని అక్కడ సీసాలు పెట్టాను. ఒక్కో సీసా మూతి మీద ఒక గరాటు. కొన్ని చెట్లు లేని జాగాలో, ఆకాశం నుంచి నేరుగా పడే వాన కోసం. కొన్ని చెట్ల కింద, ఆకుల మీద పడి కారే వాన కోసం. ఇవి కాక మోకాలి లోతు మట్టిలో సన్నటి గొట్టాలు పాతాను. వాన వెలిసిన మర్నాడు వాటిలోంచి సిరంజితో లాగితే మట్టి నీళ్లు వస్తాయి.

వానంటే ఉత్త నీళ్లు కాదు. వచ్చే దారిలో దుమ్మునూ పొగనూ కలుపుకుని దిగుతుంది. ఆకుల మీద పడితే ఆకులోని పొటాష్‌ను కాస్త కడిగి తెస్తుంది. వానలో పులుపు ఉంటే అది మట్టి పట్టుకుని కూర్చున్న కాల్షియంను లేపి కిందికి తోస్తుంది, షేర్ ఆటోలో ఒకరెక్కడానికి ఒకరు దిగినట్టు. అదే వానలో సున్నపు దుమ్ము కలిసిందంటే ఆ తోపులాట తగ్గుతుంది. ఏ చెట్టు కింద ఏం పడింది, ఎంత మిగిలింది, ఎంత లోతుకు పోయింది అని లెక్క కట్టడమే నా పని. చెబుతుంటే పెద్ద పనిలా ఉంటుంది గానీ, చేస్తుంటే సీసాలు మోయడమే.

రోజూ నేను అడవికి పోలేను కదా. అడవి అంచున ఒక లంబాడీ తండా ఉంది. అక్కడ అరవై దాటిన ఒకామె దొరికింది. తునికాకు కోసి కోసి ఆ అడవిలో ప్రతి చెట్టునూ ఎరిగిన మనిషి. తండాలో అందరూ ఆమెను యాడి అంటారు, వాళ్ల మాటలో అమ్మ అని. నేనూ అదే అన్నాను. ఆమె నన్ను మేడమ్ అంది. వాన వెలవగానే ప్రతి సీసాలో నీళ్లను చిన్న బాటిల్లోకి వంపాలి, బాటిల్‌కు దారం కట్టాలి, పెద్ద సీసాను శుభ్రంగా కడిగి మళ్లీ పెట్టాలి, ఇదీ పని. ఆమెకు చదువు రాదు కాబట్టి బయటి వానకు తెల్ల దారం, చెట్టు కింది వానకు పచ్చ దారం అని చెప్పుకున్నాం. మట్టి నీళ్లు మాత్రం నేనే వచ్చి లాగేదాన్ని. సిరంజి చూస్తే ఆమెకు దవాఖాన గుర్తొచ్చేది, ముట్టుకోనంది. కడగడానికి డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు తెచ్చిచ్చాను.

ఆమెలాంటి పనిమంతురాలిని నేను చూడలేదు. మొదటి వానాకాలమంతా ఒక్క దారం తప్పు పడలేదు. బాటిళ్లను తడిగుడ్డలో చుట్టి, కుండలో పెట్టి, నీడలో దాచేది. మనవరాలి పెళ్లి నడుమ వాన పడితే, కొత్త చీర కుచ్చిళ్లు దోపుకుని అడవిలోకి పోయి సీసాలు వంపి వచ్చిందట. సీజను అయిపోయాక డబ్బాలు తిరిగిచ్చింది. అవి దాదాపు నిండుగానే ఉన్నాయి. ఎంత పొదుపో అని మెచ్చుకున్నాను. అనుమానం రావాల్సిన చోట మెచ్చుకున్నానన్నమాట.

బాటిళ్లు తీసుకుని సూర్యాపేట బస్సెక్కేదాన్ని. అక్కడ ఒక కాలేజీ ల్యాబులో ఫ్లేమ్ ఫోటోమీటర్ ఉంది. నీళ్లను మంటలోకి పీల్చి, అందులో పొటాష్ ఎంతుందో చెప్పే యంత్రం. తెల్ల దారం నీళ్లు పెడితే అంకె బద్ధకంగా కదిలేది. పచ్చ దారం నీళ్లు పెడితే చాలు, ఎగిరి కూర్చునేది. చెట్టు కింద పొటాష్ పెరగడం మామూలే గానీ ఇంత ఎక్కడా చదవలేదు. నా ఆనందం అంతా ఇంతా కాదు. ఆ సాయంత్రం సూర్యాపేట బస్టాండులో మిర్చి బజ్జీలు రెండు ప్లేట్లు తిన్నాను, ఒక్కదాన్నే.

ఇక దానికో కారణం కావాలి. మిర్యాలగూడలో మేడ మీద బట్టలు ఆరేసే ఆడవాళ్లకు ఊక బూడిద సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మిల్లుల బాయిలర్లలో ఊక మండుతుంది, బూడిద లేస్తుంది, తెల్ల చొక్కా తెల్లగా దిగదు. ఆ బూడిదే గాలికి అడవి దాకా పోయి ఆకుల మీద కూర్చుంటోందని, వాన దాన్ని కడిగి చెట్టు మొదట్లో పోస్తోందని నాకు మెరుపులా తోచింది. సూర్యాపేటలో జరిగిన ఒక సెమినార్‌లో ఇదే చెప్పాను. చప్పట్లు కొట్టారు. జిల్లా పేపర్లో నా ఫోటోతో, మిల్లు బూడిద అడవికి ఎరువు అని వేశారు. ఊళ్లోవాళ్లు తిట్టే బూడిదను మెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. మా ఆయన పనిచేసే మిల్లు సేటు ఆ ముక్కను ఫ్రేము కట్టించి ఆఫీసులో వేలాడదీశాడు. కాలేజీలో నా నడకే మారిందని తోటి లెక్చరర్లు అనేవారు. మారే ఉంటుంది.

మా గైడ్ రిటైరై కోదాడలో ఉంటారు. ఏడాది లెక్కలన్నీ తీసుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరుస నెమ్మదిగా దిగి, మట్టి నీళ్ల పట్టిక దగ్గర ఆగిపోయారు.

"ఏమ్మా, పైన ఇంత పొటాష్ పడుతుంటే, మోకాలి లోతులో ఆ జాడే లేదు. మరి మధ్యలో ఎక్కడికి పోతున్నట్టు?"

మట్టిలోని బంక పట్టుకుంటుంది సార్ అన్నాను. ఇసుక కలిసిన ఎర్ర చల్క నేలలో అంత బంక ఎక్కడుందమ్మా అన్నారు. వేళ్లు తాగుతాయి అన్నాను. చెట్టు తాగేదానికీ ఒక లెక్కుంటుంది కదా అన్నారు. ఆ తర్వాత కాఫీ ఇచ్చి, ఈ ఏడాదితో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుందని, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే థీసిస్ రాసేసుకోవచ్చని చెప్పారు. తిరుగు బస్సులో హుజూర్‌నగర్ దాకా ఆయన మీద కోపం, నేరేడుచర్ల దాకా మట్టి మీద కోపం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మిర్యాలగూడలో బస్సు దిగేదాకా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

రెండో వానాకాలం మొదలైంది, డబ్బాలు మళ్లీ యాడికిచ్చాను. ఒక సాయంత్రం మంచి వాన పడింది. గొట్టాల్లో నీళ్లు తాజాగా ఉండగానే లాగి చూద్దామని, మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి పొద్దున్నే స్కూటీ మీద తండాకు పోయాను. వస్తున్నానని ఫోన్ చేయలేదు. యాడి ఇంటి ముందు లేదు. వెనక్కి పోయి చూస్తే, రాతి మీద కూర్చుని ఉంది. పక్కన నా సీసాలు. పుల్ల చివర కొబ్బరి పీచు చుట్టి, ముంతలోని పొయ్యి బూడిదలో ముంచి, చెట్టు కింది సీసాల లోపలంతా తిప్పి తిప్పి తోముతోంది. అద్దంలా మెరుస్తున్నాయి. తర్వాత బోరు నీళ్లు పోసి ఒకసారి తొలిచి బోర్లించింది. బయటి సీసాలను మాత్రం ఉత్త నీళ్లతో ఆడించి వదిలేసింది.

కట్టె బూడిదను నీళ్లలో నానబెడితే పొటాష్ దిగుతుందని ఏటా ఫస్టియర్ పిల్లలకు చెప్పేది నేనే. మా అమ్మ జీవితమంతా బూడిదతోనే గిన్నెలు తోమింది. ఇది ముందే నాకు తట్టాల్సింది పోయి, ఆమె మీద అరిచాను. ఏం చేస్తున్నావో తెలుస్తోందా అన్నాను. నా ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశావన్నాను. చివరికి, నా తల్లి వయసు మనిషిని, నీకు బుద్ధుందా అని అడిగాను. లోపలి నుంచి ఆమె కోడలు బయటికొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

యాడి చేతులు కడుక్కుని లేచింది. ఆమె గొంతు కూడా పెరగలేదు.

"నువ్వే గద మేడమ్, శుభ్రంగ కడుగుమంటివి. చెట్ల కింది సీసలల్ల పిట్టల రెట్ట ఉంటది, ఆకుల జిగురుంటది. ఉత్త నీళ్లకు పోతదా?"

మరి నేనిచ్చిన డబ్బాల నీళ్లేవి అని అడిగాను. లోపలికి పోయి రెండు డబ్బాలూ తెచ్చి నా ముందు పెట్టింది. మూతలు కూడా సరిగా తీయలేదు. మందు నీళ్లలా ఉన్నాయని, ఖర్చు చేయడానికి మనసొప్పక దాచానని చెప్పింది. సీసాలు కడిగిన చెయ్యి ఆమెదే, శుభ్రం అంటే ఏమిటో చెప్పకుండా వెళ్లిపోయిన నోరు నాది. ఇది అప్పుడే నాకు తెలిసింది. ఒప్పుకునే దమ్ము మాత్రం అప్పుడు లేదు. స్కూటీ తిప్పుకుని వచ్చేశాను.

మర్నాడు సూర్యాపేట ల్యాబులో రెండు సీసాలు తీసుకున్నాను. ఒకదాన్ని యాడి తోమినట్టే బూడిదతో తోమి ఒకసారి తొలిచాను, రెండోదాన్ని ఉత్తగా ఉంచాను. రెండింటిలోనూ ఒకే డిస్టిల్డ్ వాటర్ పోసి మంటకు పెట్టాను. బూడిద సీసా దగ్గర అంకె ఎగిరి కూర్చుంది, నిరుడు నాకు బజ్జీలు తినిపించినంత ఎత్తున. నా సిద్ధాంతంలో బూడిద నిజమే. అది గాలికి రాలేదు, కొబ్బరి పీచుకు వచ్చింది.

ఆ తర్వాత మూడు రోజులు నేను నడిచిన దారి గురించి కూడా నిజమే రాయాలి. నిరుటి అంకెలు ఎవరూ తిరిగి కొలవలేరు, ఆ వాన పోయింది. మట్టి నీళ్ల పట్టిక ఒక్కటి తీసేస్తే గైడ్ అడిగిన ప్రశ్నే ఉండదు. గొట్టాలు సరిగా పనిచేయలేదని ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం రాశాను కూడా. చక్కగా వచ్చింది. సరైన లెక్కను తీసేసి తప్పు లెక్కను ఉంచే వాక్యం అంత చక్కగా వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది, అయినా కొట్టేయలేదు. కొట్టేస్తే థీసిస్ లేదు, సెమినార్ మాట లేదు, పేపర్లో ఫోటోకు అర్థం లేదు.

మూడు రోజులుగా ఇంట్లో ఎవరినీ తిట్టలేదని మా ఆయన గమనించి, జ్వరమొచ్చిందా అని నుదురు పట్టుకు చూశాడు. అప్పుడు చెప్పాను. ఆయన చాలాసేపు పప్పులో రాళ్లు ఏరుతూ కూర్చుని, ఆ ఫ్రేము సంగతి సేటుకు తనే చెబుతాలే అన్నాడు. పదిహేడేళ్ల కాపురంలో ఆయన నాకిచ్చిన మంచి వస్తువుల్లో ఆ మాట ఒకటి.

ఆదివారం తండాకు పోయాను. బ్యాగులో ఆ రెండు సీసాలు, లిట్మస్ కాగితాలు, నిరుటి నోటుబుక్కు. యాడి నన్ను చూసి మంచం వాల్చింది. కోడలు ఉంటే పిలవమన్నాను. ఆ పిల్ల వచ్చాక, ఆమె ముందే, మొన్న నేనన్న మాట తప్పని, బుద్ధి లేనిది నాకేనని చెప్పాను. యాడి తల ఊపి, మాటకు కాదు గానీ కోడలి ముందర అన్నందుకు రెండు రోజులు అన్నం సయించలేదని చెప్పింది. కోడలు చాయ్ పెట్టడానికి లేచింది.

అప్పుడు ఎర్ర లిట్మస్ కాగితం ఉత్త సీసాలో ముంచాను. అలాగే ఉంది. బూడిద సీసాలో ముంచాను. నీలంగా మారింది. ఎంత తొలిచినా బూడిద సారం సీసాకు కొంత అంటుకునే ఉంటుందని, వాన నీళ్లు పడగానే అందులో కలుస్తుందని, నా యంత్రం దాన్ని చెట్టు ఇచ్చిందనుకుంటుందని చెప్పాను. యాడి రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అంటె నిరుడు నువ్వు బుక్కుల రాసుకున్నది?"

కొంచెమే తప్పు పోయిందని చెబుదామని నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె మనసు నొప్పించకూడదని అనుకున్నాను గానీ, అసలు కాపాడుకోవాలనుకున్నది నా పుస్తకాన్నే. పచ్చ దారానివి అన్నీ తప్పే యాడీ అన్నాను. ఎవరికన్నా తెలుసా అని అడిగింది. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, చెప్పకపోతే తెలియదు కూడా అన్నాను. ఆమె నోటుబుక్కును నా ఒడిలోకి జరిపింది.

"కొట్టెయ్ మేడమ్. నా చేతి బూడిదను అడివి పేరు మీద రాయకు."

అక్కడే కొట్టేశాను. పేజీకి ఒక అడ్డగీత, పక్కన సంతకం. పెన్ను ఎక్కడా ఆగలేదు. చివరి పేజీ తిప్పాక ఏడుపొచ్చింది. అది బాధ కూడా కాదు, చాలా రోజుల తర్వాత దించుకున్న బరువు. కోడలు చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, ఏమైందని వాళ్ల భాషలో అత్తను అడిగింది. యాడి ఏం చెప్పిందో నాకు తెలియదు గానీ ఇద్దరూ నవ్వారు.

కోదాడకు ఫోన్ చేసి చెబితే మా గైడ్ కాసేపు ఆగకుండా నవ్వి, గడువు పెంచమని లెటర్ రాసిస్తానన్నారు. సెమినార్ వాళ్లకు నేనే ఉత్తరం రాశాను. మిల్లు ఆఫీసులో ఫ్రేము దిగిపోయి, ఆ మేకుకు క్యాలెండర్ ఎక్కింది. సేటు ఏమన్నాడో మా ఆయన ఇప్పటికీ చెప్పడు. కాలేజీలో నడక కూడా మామూలైంది, మోకాళ్లకు అదే మంచిది.

ఆ తర్వాతి వానాకాలాలు రెండూ హాయిగా గడిచాయి. ల్యాబులో కడిగిన సీసాలు మూత పెట్టి తెస్తున్నాను. యాడి పాతవి తీసి కొత్తవి పెడుతుంది, తోమే పని లేదు. అసలు సంగతి తెలిశాక ఆమె నాకంటే చండశాసనురాలైంది. చేతులు కడుక్కోకుండా గరాటు ముట్టుకున్నానని నన్నే కేకలేసింది. గరాటు పక్కన నిలబడి బీడీ కాల్చిన ఫారెస్టు వాచరును, ఆ బూడిద ఎవరు లెక్కపెట్టాలని అడిగి తరిమేసిందట. తునికి చెట్టు కింద ఆమె, మోదుగ చెట్టు కింద నేను కూర్చుని వాన వెలిసేదాకా సజ్జ రొట్టె తిన్న రోజులున్నాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత నెమ్మదిగా నేనెప్పుడూ లేను.

లెక్కలన్నీ మొన్న తేలాయి. చెట్టు కింది వానలో పొటాష్ బయటి వానకంటే ఎక్కువే, మొదటి ఏడాది ఎగిరిన అంకెల పక్కన మాత్రం చాలా చిన్నది. తొలి వానల్లో కాస్త హెచ్చుగా, పోనుపోను తక్కువగా ఉంది. మోకాలి లోతుకు చేరేది మరీ కొంచెం, వేళ్లు మధ్యలోనే తీసేసుకుంటున్నాయి. పైన పడినదీ, కింద మిగిలినదీ మొదటిసారి ఒకదానికొకటి సరిపోయాయి. గైడ్‌కంటే ముందు, సూర్యాపేట ల్యాబు మెట్ల మీద నుంచే యాడి కోడలికి ఫోన్ చేసి, అత్తకివ్వమన్నాను. లెక్క తేలిందని చెప్పాను. ఎంతొచ్చిందని అడిగింది. చెట్టు ఇచ్చేది ఉంది యాడీ, కాకపోతే కొంచెమే అన్నాను. నా గొంతులో ఎక్కడో కాస్త నిరాశ మిగిలే ఉందేమో, ఆమెకు వినబడినట్టుంది.

"కొంచమే ఉంటది మేడమ్. ఉన్నదంత వానకిచ్చుకుంటె, చెట్టు బతకొద్దా?"